నల్లజాతి రేడియోలో ఊరి రాజకీయం బతకనివ్వండి: అమెరికా ప్రసార నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ ఛైర్మన్‌కు బహిరంగ లేఖ

ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ ఛైర్మన్ గారికి,

నమస్కారం. నేను అట్లాంటాలో స్థిరపడ్డ తెలుగువాణ్ణి. ఒక ఊళ్లో ఒకే సంస్థ చేతిలో ఎన్ని రేడియో స్టేషన్లు ఉండొచ్చన్న పరిమితిని సడలించవద్దని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను. పెద్ద మార్కెట్లలో ఇప్పుడా పరిమితి ఎనిమిది. దాన్ని ఎత్తేయాలని పెద్ద సంస్థలు ఎప్పటినుంచో అడుగుతున్నాయి. మీరు ఒప్పుకుంటే మొదట మూగబోయేది నల్లజాతి స్టేషన్లలో సాగే స్థానిక రాజకీయ చర్చేనని నా భయం.

నేను పెరిగిన విజయవాడలో ప్రైవేటు ఎఫ్‌ఎంలకు సొంతంగా వార్తలు చెప్పే అనుమతి లేదు. పాటలు, కబుర్లు, యాడ్స్, అంతే. అందుకే ఇక్కడికి వచ్చిన కొత్తలో, పాట అయిపోగానే డీజే స్కూల్ బోర్డు ఎన్నికల గురించి మాట్లాడటం, ఫోన్ చేసిన పెద్దావిడ తన కౌన్సిల్ సభ్యుణ్ణి పేరు పెట్టి నిలదీయడం విని ఆశ్చర్యపోయాను.

మా ఊరి ఆబర్న్ అవెన్యూ సంగతే చూడండి. 1949లో జెస్సీ బ్లేటన్ అనే అకౌంటెంట్ డబ్ల్యూఈఆర్‌డీని కొన్నారు. నల్లజాతి యాజమాన్యంలోకి వచ్చిన తొలి స్టేషన్ దేశంలో అదే. ఆ భవనంలోనే కింద మార్టిన్ లూథర్ కింగ్ సంస్థ ఆఫీసు ఉండేది. ఆయన ఏదైనా చెప్పాలనుకుంటే చీపురుకర్రతో పైకప్పు తట్టేవారని, పైనుంచి డీజే కిటికీలోంచి మైకు దించేవాడని ఇక్కడి వాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. 1963 మేలో అలబామాలోని బర్మింగ్‌హామ్‌లో జాతి వివక్షకు వ్యతిరేకంగా పిల్లలు చేసిన ఊరేగింపుకు షెల్లీ స్టీవార్ట్, పాల్ వైట్ లాంటి డీజేలు పాటల మధ్య గుట్టుగా కబురు పంపారు. పిల్లలకు ఇట్టే అర్థమైంది. 1967 ఆగస్టులో కింగ్ అట్లాంటాలో నల్లజాతి అనౌన్సర్ల సభకు వచ్చి మరీ కృతజ్ఞతలు చెప్పారు.

అవన్నీ ఆ ఊరి గొంతులు, ఆ ఊరి జనానికి తెలిసిన గొంతులు. దేశమంతటికీ ఒకేచోట తయారయ్యే షోలు పనికిరావని నేననను. 2007లో ఆరుగురు నల్లజాతి కుర్రాళ్లపై పెట్టిన కేసులకు నిరసనగా లూసియానాలోని జీనాకు వేలమంది తరలిరావడంలో మైఖేల్ బేస్‌డెన్ షో పాత్ర పెద్దదే. కానీ మా వీధి పోలింగ్ బూత్ మారిందని అలాంటి షో చెప్పదు.

1996 టెలికమ్యూనికేషన్స్ చట్టానికి ముందు ఒక సంస్థకు దేశం మొత్తం మీద 40 స్టేషన్లకు మించి ఉండకూడదు. ఆ హద్దు పోయాక క్లియర్ ఛానల్ అనే సంస్థ ఒక్కటే 1,200కు పైగా పోగేసింది. నల్లజాతి శ్రోతల కోసమే ప్రసారాలు నడిపిన తొలి స్టేషన్, మెంఫిస్ డబ్ల్యూడీఐఏ కూడా ఇవాళ ఆ గొలుసులో ఒకటి. నల్లజాతి మహిళ క్యాథీ హ్యూస్ గారి సంస్థ రేడియో వన్ కూడా ఆ చట్టంతోనే పెరిగిందనడం న్యాయం. అయితే 1980లో వాషింగ్టన్‌లో డబ్ల్యూఓఎల్ కొన్నప్పుడు హోస్టుకు జీతమిచ్చే స్తోమత లేక ఆవిడే మైకు ముందు కూర్చున్నారు. అలా ఒక్క స్టేషనుతో మొదలుపెట్టే మనిషి, అదే ఊళ్లో పది స్టేషన్లకు కలిపి యాడ్స్ అమ్మే సంస్థ పక్కన ఎలా నెగ్గుకొస్తారు?

స్థానిక యజమాని ఉంటే ఏం జరుగుతుందో 2024 జూలైలో చూశాం. పెన్సిల్వేనియాలో నల్లజాతి యాజమాన్యంలోని ఏకైక టాక్ స్టేషన్ డబ్ల్యూయూఆర్‌డీ. అధ్యక్షుడు బైడెన్‌తో అందులో వచ్చిన ఇంటర్వ్యూకు ప్రచార బృందమే ఎనిమిది ప్రశ్నలు పంపిందని, వాటిలో నాలుగు తాను ఒప్పుకున్నానని హోస్ట్ బయటపెట్టారు. యాజమాన్యానికి తెలియకుండా జరిగిన పని అది. రోజుల్లోనే ఆ స్టేషన్, ఆమె విడిపోయారు. హోస్ట్ పట్ల అది కఠినమే అనుకున్నవాళ్లూ ఉన్నారు. నాకు మాత్రం, అధ్యక్షుడి ప్రచార బృందం మొహమాటం కన్నా శ్రోతల నమ్మకమే ఎక్కువనుకున్న ఆ యాజమాన్యం మీద గౌరవం పెరిగింది.

అందుకే ఆ ఎనిమిది స్టేషన్ల పరిమితిని కదపకండి. మైనారిటీలకు స్టేషన్ అమ్మినవారికి పన్ను వెసులుబాటు ఇచ్చే విధానాన్ని మీ కమిషన్ 1978లో తెస్తే 1995లో కాంగ్రెస్ రద్దు చేసింది. అది తిరిగి తెమ్మని కాంగ్రెస్‌ను మీరే అడగండి. నిర్ణయం తీసుకునే ముందు ఫిలడెల్ఫియా, షికాగో, మెంఫిస్‌లలో బహిరంగ విచారణలు పెట్టండి. అవి సాయంత్రం ఆరు తర్వాత పెడితే ఆ స్టేషన్లకు రోజూ ఫోన్లు చేసే జనం పని ముగించుకుని రాగలరు.

భవదీయుడు,
అట్లాంటా నుంచి ఒక తెలుగు శ్రోత