ఇకమీదట మా దగ్గర ఉతికిన బట్టలకు సెంటు వాసన రాదు

ఒంగోలు లాయర్‌పేటలో మా లాండ్రీకి ఏళ్లుగా బట్టలిస్తున్న మీ అందరికీ నమస్కారం.

కార్తీకం మొదలైనప్పటి నుంచి మీలో కొందరు రెండు మాటలు చెబుతున్నారు. తువ్వాళ్లు మడత విప్పినప్పుడు బాగానే ఉంటున్నాయి గానీ, ఒళ్లు తుడుచుకుని తడవగానే ముక్క వాసన కొడుతున్నాయని ఒకటి. మాల వేసుకున్న స్వాముల నల్ల పంచెలకు తెల్ల నూగు అంటుకుని వస్తోందని ఇంకొకటి. రెండూ నిజమే. కారణం దొరికింది, సరిచేశాం. దాంతోపాటు ఒక నిర్ణయం తీసుకున్నాం. అది కొందరికి నచ్చదని తెలిసే తీసుకున్నాం.

మావన్నీ ఫ్రంట్ లోడ్ మెషిన్లు. వీటికి నీళ్లు తక్కువ పడతాయి. డ్రమ్ము తిరుగుతూ బట్టల్ని పైకి లేపి కింద పడేస్తుంది, ఆ దెబ్బకే మురికి వదులుతుంది. నురగ ఎక్కువైందంటే బట్ట నురగ మీదే పడుతుంది, దెబ్బ తగలదు. జాడించినా ఆ నురగంతా పోదు. అందుకే నురగ తక్కువ వచ్చే లిక్విడ్ వాడతాం, అదీ ఎప్పటినుంచో ఒకాయన దగ్గరే కొంటున్నాం. ఈసారి అవే క్యాన్లలో, అదే లేబుల్‌తో, వేరే సరుకు పంపాడు. మేం పోసే కొలత మారలేదు. అయినా తలుపు అద్దం నిండా నురగే.

డోర్ రబ్బరు మడతలు రోజూ రాత్రి తుడుస్తాం, డ్రెయిన్ ఫిల్టర్ విప్పి కడుగుతాం. ఆ సరుకు వచ్చాక రబ్బరు మడతలో జిగురు పేరుకుంది. తువ్వాళ్ల నూగు, కొత్తపట్నం సముద్ర స్నానాల నుంచి వచ్చిన ఇసుక ఆ జిగురుకే పట్టాయి. ఆ నూగే తర్వాత వేసిన నల్ల పంచెలకు అంటింది.

ఫొటోలు తీసి ఆయనకు పంపాను. ఫోన్ చేసి ఏమన్నాడో తెలుసా? "దీనికింత గోల ఏంటన్నా, సెంటు లిక్విడ్ ఇంకో మూత ఎక్కువ పొయ్, వాసన తెలీదు" అన్నాడు. సరుకు పాడైందంటే ఊరుకునేవాణ్ణి, ఎవరి సరుకైనా ఒకసారి పాడవుతుంది. ఈ మాట మాత్రం నాకు ఇప్పటికీ మింగుడుపడలేదు. మా నాన్న మద్దిపాడు దగ్గర గుండ్లకమ్మ రేవులో ఉతికేవాడు. ఆయన ఇచ్చిన బట్టకు ఏ వాసనా ఉండేది కాదు, ఎండ వేడి తప్ప. ఆయన కొడుకుని పట్టుకుని, కంపు మీద సెంటు పొయ్యమంటాడా! మిగిలిన క్యాన్లు షాపు వెనక అలాగే ఉన్నాయి. వచ్చి తీసుకెళ్లేదాకా పైసా ఇవ్వనని చెప్పేశాను. ఇప్పుడు వేరేచోట కొంటున్నాం, ప్రతి క్యానూ ముందు మా ఇంటి బట్టల మీద వాడి చూశాకే షాపులోకి వస్తుంది.

ఆ మాట మీద ఆలోచించీ ఆలోచించీ, బట్టలకు మెత్తదనం, మంచి వాసన రావాలని చివర్లో పోసే సెంటు లిక్విడ్డే (ఫ్యాబ్రిక్ కండిషనర్) అసలు మానేశాం. మా ఆవిడ ఒప్పుకోలేదు. "సగం మంది ఆ వాసన కోసమే మన దగ్గరికి వస్తున్నారు" అంది. అదీ నిజమే. సంచీ తెరిచి వాసన చూసి నవ్విన మొహాలు నాకూ గుర్తున్నాయి. చాలా రాత్రులు ఇదే మాట్లాడుకున్నాం. కానీ ఆ లిక్విడ్ బట్ట పోగు మీద పూతలా నిలుస్తుంది, తువ్వాలు నీళ్లు పీల్చడం తగ్గుతుంది. డ్రమ్ము వెనకా అదే పూత, మా బోరు ఉప్పునీళ్లకు ఇంకా గట్టిపడుతుంది, నూగును పట్టుకుంటుంది. ముఖ్యంగా మొరాక్సెల్లా అనే బాక్టీరియా వల్ల ఉతికిన బట్టల్లో ఈ తడివాసన పుడుతుందని 2012లో జపాన్ శాస్త్రవేత్తలు చెప్పారు. ఆరిన బట్టలోనూ అది బతికే ఉంటుంది, మళ్లీ తడి తగలగానే వాసన పుట్టిస్తుంది. పైన సెంటు ఉంటే మీ ఇంట్లో తువ్వాలు తడిసేదాకా ఆ సంగతి నాకు తెలియదు. అది నాకు షాపులోనే తెలియాలి. అందుకే మానేశాం. కావాలని అడిగినా వెయ్యను, దయచేసి బలవంతపెట్టకండి.

మిగతావి చిన్నవి. వారానికోసారి మెషిన్లు ఖాళీగా 60 డిగ్రీల వేడినీళ్లతో తిప్పుతాం, ఆరోజు తీసుకున్న బట్టలు ఒకరోజు ఆలస్యమవుతాయి. మాల బట్టలు తువ్వాళ్లతో కలపం, వాటికి వేరే మెషిన్ పెట్టాం. రేట్లు పెంచలేదు.

ఇంట్లో ఫ్రంట్ లోడ్ ఉన్నవాళ్లు చాలామంది అడుగుతున్నారు కాబట్టి చెబుతున్నా. ఉతకడం అయ్యాక తలుపు కాస్త తెరిచి ఉంచండి, పిల్లలుంటే మాత్రం జాగ్రత్త. సబ్బు పోసే డబ్బా కూడా బయటికి లాగి ఆరనివ్వండి. కింద మూత వెనకుండే ఫిల్టర్ నెలకోసారైనా విప్పండి, జేబుల్లో మరిచిపోయిన కాగితాలన్నీ అక్కడే ఉంటాయి. అయిపోగానే బట్టలు తీసేయండి, ఈ వానల్లో రాత్రంతా డ్రమ్ములో ఉంచితే ఏ లిక్విడ్డూ కాపాడదు. బ్లీచింగ్, వెనిగర్ ఎప్పుడూ కలపొద్దు, విషవాయువు వస్తుంది.

ఈ మధ్య మా దగ్గర ఉతికించిన తువ్వాళ్లు ఒకసారి తడిపి చూడండి. వాసన వస్తే తీసుకురండి. బిల్లు అక్కర్లేదు, మళ్లీ ఉతికి ఇస్తాం, డబ్బులు తీసుకోం.