పట్టీలు పెంచితే పికప్ బలం పెరగదు

సంపాదకులు గారికి,

నమస్కారం. జీడిపిక్కల సీజను వచ్చిందంటే మా పలాస–కాశీబుగ్గలో కమాన్ కట్టలు (ఇరుసు మీద బండి బరువును మోసే, ఉక్కు పట్టీలను పేర్చి బిగించిన స్ప్రింగులు) వేసే షెడ్ల ముందు పికప్ బండ్లు బారులు తీరతాయి. వెనుక కట్టలకు చెరో రెండు పట్టీలు అదనంగా వేయిస్తే బండి ఎక్కువ బరువు మోస్తుందన్న నమ్మకం మా యజమానుల్లో పాతుకుపోయింది. నేనూ అదే నమ్మి డబ్బు పోసి వేయించినవాణ్ణే కాబట్టి, ఆ విషయం మీ పత్రిక ద్వారా చెప్పదలచాను.

మా దగ్గర పిక్కల బస్తా అంటే 80 కిలోలు. 1,300 కిలోలు మోయగల పికప్‌లో 16 బస్తాలు వేస్తే 1,280 కిలోలవుతుంది, ఇక పరిమితి నిండినట్టే. అయితే కిరాయిని బరువును బట్టి కాక ట్రిప్పుకు ఇంతని మాట్లాడుకునే వ్యాపారి 25 బస్తాలు సర్దమంటాడు. అంటే 2,000 కిలోలు. కాదంటే వెనకాలే ఇంకో బండి కాచుకుని ఉంటుంది.

పట్టీలు వేయించాక 25 బస్తాలతో కూడా నా బండి వెనుక భాగం దిగలేదు. ముచ్చటపడ్డాను. ఆ జూన్‌లో తొలకరి పడిన సాయంత్రం కంచిలి నుంచి వస్తూ హరిపురం దగ్గర రోడ్డుకు అడ్డొచ్చిన ఆవును చూసి బ్రేకు తొక్కితే, ముందు చక్రాలు పట్టేసి బండి తిన్నగా జారుకుంటూ పోయి కల్వర్టు గోడను ఆనుకుని ఆగింది. ఆవు తప్పుకుంది, నాకూ ఏమీ కాలేదు. ఆ మర్నాడు ఒక పెద్దవయసు మెకానిక్ బండి కింద దూరి, వెనుక ఇరుసుకూ ఛాసిస్‌కూ మధ్య ఉన్న సన్నటి కడ్డీని వేలితో కదిపి చూపిస్తూ, “బండి కూకోనేదని సంబరపడ్డావు గానీ, బ్రేకుకి బరువు తెలీనేదు బాబూ” అన్నాడు.

చాలా పికప్‌లలో ఆ కడ్డీకి ఒక బ్రేకు వాల్వు ఉంటుంది. బరువు పడి బండి కిందికి దిగితే కడ్డీ కదిలి, వెనుక చక్రాలకు బ్రేకు ఒత్తిడి ఎక్కువగా వెళ్తుంది; బండి ఖాళీగా ఎత్తులో ఉన్నప్పుడు ఆ చక్రాలు పట్టేయకుండా ఒత్తిడి తగ్గుతుంది. పట్టీలు పెంచి కట్టను బిరుసు చేస్తే, రెండు టన్నులు ఎక్కించినా బండి దిగదు కనుక, వాల్వు దాన్ని ఖాళీ బండిగానే లెక్కగడుతుంది. పైగా ఇరుసు, బేరింగులు, ఛాసిస్, టైర్లు అన్నీ పాతవే. టైరు పక్కన సైజు తర్వాత ఉండే అంకెను మాలో ఎందరు చూస్తారో తెలియదు గానీ, అక్కడ 100 అని ఉంటే ఆ టైరు మోయగలిగేది 800 కిలోలే, 108 అని ఉంటే 1,000 కిలోలు. కమాన్ కట్ట మారినంత మాత్రాన ఆ అంకె మారదు. ఇక ఖాళీగా తిరిగి వచ్చేటప్పుడు గతుకుల్లో వెనుక చక్రాలు ఎగిరెగిరి పడే తీరు, వానలో పట్టు తప్పే తీరు అనుభవించినవారికే ఎరుక.

అరిగి చదునైపోయిన పట్టీలను, విరిగినవాటిని కంపెనీ కొలతల ప్రకారమే మార్పించుకోవడాన్ని నేను తప్పుపట్టడం లేదు. అది ప్రతి బండికీ అవసరమే. పరిమితికి మించి ఎక్కించడం కోసం కట్టను మార్చడమే తప్పు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం అనుమతి లేని ప్రతి మార్పుకూ యజమానికి 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. అధిక బరువుకు 20,000 రూపాయలు, దానిపై అదనపు టన్నుకు 2,000 చొప్పున కట్టాలి. ఎక్కువైన సరుకును దించే ఖర్చూ మనదే. ఇంత జరిమానాను ఏ ట్రిప్పు కిరాయి పూడుస్తుంది?

నేను అదనపు పట్టీలు తీయించేశాను. 16 బస్తాలకు మించి ఎక్కించనన్నందుకు ఈ సీజనులో ఇద్దరు వ్యాపారులు నన్ను పిలవడం మానేశారు. ఒక్క యజమాని ఒప్పుకోనంత మాత్రాన ఈ పద్ధతి మారదు కనుక, కిరాయిని ట్రిప్పుకు కాక క్వింటాలుకు ఇంతని కట్టేలా, గోడౌను దాటకముందే కాటా చీటీ తీసేలా వ్యాపారులనూ బండ్ల యజమానులనూ ఒకచోట కూర్చోబెట్టి మాట్లాడించవలసిందిగా జిల్లా అధికారులను కోరుతున్నాను. ఫిట్‌నెస్ తనిఖీకి వచ్చిన పికప్‌ల విషయంలో లైట్లు, హారను చూసి సరిపెట్టకుండా, వెనుక కట్టలో పట్టీలు ఎన్ని ఉన్నాయో, ఆ కడ్డీ సరిగా కదులుతోందో లేదో వంగి చూడవలసిందిగా రవాణా శాఖ వారికి నా మనవి.

ఇట్లు,
ఒక పికప్ యజమాని,
పలాస–కాశీబుగ్గ, శ్రీకాకుళం జిల్లా