మిద్దెతోటల సంఘం వార్షిక నివేదిక, 2024–25

గౌరవ సభ్యులకు నమస్కారం.

సంఘం ఆశయాలు మీకు తెలిసినవే కనుక మళ్లీ రాయడం లేదు. గత ఏప్రిల్ నుంచి ఈ మార్చి వరకు జరిగిన పనులను సర్వసభ్య సమావేశం ముందు ఉంచుతున్నాను. ఈ ఏడాది మనం కొన్ని కార్యక్రమాలను కావాలనే మానుకున్నాం. సంఘం వెనకబడిందని కొందరు అన్నారు. నేను ఒప్పుకోను.

వేసవిలో బెజవాడ ఎండ 40 డిగ్రీలు దాటడం, రోహిణి కార్తెలో శ్లాబు పెనంలా కాలడం మనకు కొత్త కాదు. కుండీలకు పూటపూటా నీళ్లు పోయాలి. బోర్లు అడుగంటిన అపార్ట్‌మెంట్లలో పొరుగువారు అభ్యంతరం చెప్పారు, అందులో న్యాయం ఉంది. అప్పుడే కార్యవర్గం ఒక మాట అడిగింది: వారం వారం మీ వంటింట్లోకి వచ్చే మొక్కలు ఏవి? ముందు వాటికి నీళ్లు పోయండి, మిగిలినవి ఉంచాలో ఇచ్చేయాలో తేల్చుకోండి.

ఈ ప్రశ్న చాలామందిని ఇబ్బంది పెట్టింది. అంత వేడిలో టమాటా ఎన్ని నీళ్లు పోసినా పూత రాలుస్తుంది. క్యాబేజీ, క్యాలీఫ్లవర్ మన మే నెలకు నిలవవు. వాటి కోసం రోజూ మెట్లెక్కి అలసిపోతున్నాం. గోంగూర, బచ్చలి, తోటకూర, బెండ, కరివేపాకు తట్టుకుంటాయి, మనం రోజూ తినేవీ అవే. తోటకూర ఒత్తుగా మొలిస్తే పలచన చేస్తేనే మిగిలినవి బాగా ఎదుగుతాయని అందరికీ తెలుసు, కానీ మొలిచినదాన్ని పీకడానికి చెయ్యి రాదు. కుండీలు సగానికి తగ్గించిన ఒక పెద్దావిడ, ఇప్పుడు మొక్కల దగ్గర కాసేపు కూర్చునే తీరిక దొరికిందని చెప్పారు. ఈ సంఘంలో నాకు నచ్చిన మాట అది.

సంఘం పనుల్లోనూ అదే చేశాం. పూల ప్రదర్శన, వంటల పోటీ, విహారయాత్ర ఆపాం. మూడు వాట్సాప్ గ్రూపులను ఒకటి చేశాం. విత్తనాల మార్పిడి, కంపోస్టు తరగతి మాత్రం ఒక్క నెల కూడా తప్పలేదు.

సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట మునిగాయి. రోజుల తరబడి మురుగు కలిసిన నీళ్లు నిలిచాయి. పెరటి మొక్కలు కుళ్లిపోయాయి, కింది అంతస్తుల కుండీల్లో మట్టి పనికిరాకుండా పోయింది. ఈ ఏడాది కార్తీక వనభోజనాలు వద్దనుకుని, ఆ సొమ్ముతో కొబ్బరి పొట్టు, వర్మికంపోస్టు, వేపపిండి కొన్నాం. మే నెలలో మీరు వదులుకున్న కుండీలే అక్కడికి వెళ్లాయి. ఇంటికి అయిదు మాత్రమే: గోంగూర, తోటకూర, బచ్చలి, పచ్చిమిర్చి, కరివేపాకు. ఇంకా కావాలన్నవారికి ఇవి నిలబెట్టాక ఇస్తామని చెప్పాం. సంక్రాంతికల్లా ఆ ఇళ్లవాళ్లు తోటకూర కోస్తున్న ఫొటోలు మన గ్రూపుకు వచ్చాయి. సంఘం పుట్టినప్పటి నుంచి ఇంతకన్నా మంచి పని చేయలేదని గర్వంగా చెబుతున్నాను.

కడియం నుంచి కరివేపాకు మొక్కలను డీజిల్ ఖర్చుకే చేరవేసిన వ్యాన్ యజమానికి, పేడ ఇచ్చిన గోశాల వారికి, కిరాయి తీసుకోని ఆటో సోదరులకు, రెండు మేడల మీద కూర్చుని మట్టి కలిపి కుండీలు నింపిన మహిళా సభ్యులకు, వారికి టీ, ఉప్మా అందించిన కుటుంబాలకు, బరువులు మోసిన కాలేజీ విద్యార్థులకు పేరుపేరునా కృతజ్ఞతలు.

ఒక మాట రాయక తప్పదు. పంపిణీకి పేరు ఇచ్చినవారిలో సగం మంది కూడా రాలేదు. ఆటోలు ఎండలో నిలబడ్డాయి, అరవై దాటినవారు కుండీలు ఎత్తారు. రాలేకపోతే ముందురోజు ఫోను చేయడం కష్టమా? ఇక తడి చెత్త ఎరువుకు ఖాళీ స్థలం కోరుతూ పెట్టిన అర్జీకి ఏడాదైనా జవాబు లేదు. చెత్తను ఎరువు చేయండని గోడల మీద రాయించేవారే, స్థలం అడిగితే ముఖం చాటేస్తున్నారు.

లెక్కలను ఆడిటర్ పరిశీలించారు, పట్టిక చివరి పేజీలో ఉంది. అప్పు లేదు, నిల్వ స్వల్పం. చందా బకాయిలు సమావేశం రోజునే చెల్లించాలి.

పూల ప్రదర్శనను తిరిగి మొదలుపెట్టాలని ఒక ప్రతిపాదన వచ్చింది. పూర్తి బాధ్యత తీసుకునే ఆరుగురు తమ పేర్లు రాసి ఇచ్చాకే దాన్ని చర్చకు తీసుకోవాలని కార్యవర్గం తీర్మానించింది.

కార్యదర్శి,
విజయవాడ