టోల్ ఫ్రీ పక్కనే మామూలు నంబరూ ఉండాలి

సంపాదకులకు నమస్కారం.

టోల్ ఫ్రీ నంబరుకు ఫోన్ చేస్తే మనకు డబ్బులు పడవు గానీ, ఆ ఖర్చంతా నంబరు తీసుకున్న సంస్థే భరిస్తుందని చాలామంది గమనించరు. నిజానికి అది ఏ ఫోనుకూ నేరుగా చెందిన నంబరు కాదు. మనం డయల్ చేయగానే టెలిఫోన్ నెట్‌వర్క్ తన డేటాబేస్‌లో వెతికి, దాని వెనుక ఉన్న మామూలు నంబరుకు కాల్‌ను మళ్లిస్తుంది. అందుకే ఒకే నంబరు పగలు ఒక ఊళ్లో, రాత్రి మరో ఊళ్లో మోగగలదు.

తికమకంతా డయల్ చేయడంలోనే. ఈ నంబర్లు అమెరికాలో 800, 888 వంటి అంకెలతో, బ్రిటన్‌లో 0800తో, భారతదేశంలో 1800తో మొదలవుతాయి. 1860తో మొదలయ్యేవి చూడటానికి అలాగే ఉన్నా ఉచితం కావు. ఒక దేశపు టోల్ ఫ్రీ నంబరు మరో దేశం నుంచి చాలాసార్లు కలవదు, కలిసినా ఛార్జీ పడవచ్చు. కొన్ని సంస్థలు తీసుకునే అంతర్జాతీయ ఉచిత నంబర్లకు మాత్రం, మనమున్న దేశంలో విదేశీ కాల్స్‌కు వాడే కోడ్ తర్వాత 800, ఆపై 8 అంకెలు నొక్కాలి.

విదేశంలో బ్యాంకు కార్డు పోగొట్టుకుని, కలవని నంబరును పదేపదే నొక్కేవారి ఆదుర్దాను తలచుకుంటేనే బాధ కలుగుతుంది. కాబట్టి సంస్థలు తమ ప్రకటనల్లో టోల్ ఫ్రీ నంబరు పక్కనే, దేశ కోడ్‌తో సహా మామూలు నంబరునూ తప్పక ముద్రించాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు