మే నెలలో పిల్లల్ని గ్రౌండుకి పంపండి

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

మే 1 నుంచి 31 వరకు మన స్కూలు గ్రౌండులో వేసవి క్రీడా శిబిరం ఉంటుంది. కబడ్డీ, ఖోఖో, వాలీబాల్, పరుగు పందేలు. ఎండ ముదరకముందే, ఉదయం 6 నుంచి 8 వరకు. ఫీజు ఏమీ లేదు.

నిరుడు శిబిరం మొదలైన వారానికి ఒక అమ్మాయి తండ్రి నా దగ్గరికి వచ్చారు. "కబడ్డీ నేర్పుతారని పంపితే రోజూ మట్టిలో దొర్లిస్తున్నారేంటి మేడమ్?" అన్నారు. నిజమే, ఆ వారమంతా కోర్టులో కూత వినబడలేదు. గడ్డం గుండెకి ఆనించి, భుజం మీదుగా దొర్లుతూ పడటం ఒక్కటే నేర్పించారు మన పీఈటీ సార్. ఎనిమిదో తరగతి చదివే ఆ అమ్మాయి ఇంట్లో చాప మీద కూడా అదే చేసేదట. తర్వాత మండల పోటీల్లో రైడ్‌కి వెళ్తే ముగ్గురు కలిసి పట్టేశారు. పడింది, దొర్లింది, చెయ్యి చాచి మధ్యగీత అందుకుంది. మోచెయ్యి కూడా గీసుకోలేదు. ఆ రోజు వాళ్ల నాన్న పని మానుకుని వచ్చి చూశారు.

ఇది మామూలు ఆటల పీరియడ్‌లో కుదరదు. జట్లు వేసుకునేసరికే పావుగంట పోతుంది. ఒకే పనిని ఒళ్లు పట్టేదాకా చేయించాలంటే వరసగా రోజులు కావాలి. పిల్లలు రోజుకి కనీసం 60 నిమిషాలు ఒళ్లు అలిసేలా ఆడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. సెలవుల్లో ఆ గంట ఫోనుకే పోతోందని మీరే నాతో అంటుంటారు.

మొహమాటం లేకుండా ఒక మాట. నిరుడు కొందరు ఆడపిల్లల్ని "నల్లబడిపోతుంది" అని మధ్యలోనే మాన్పించారు. దయచేసి ఈసారి అలా చేయకండి. నెలసరి రోజుల్లో ఇబ్బందిగా ఉంటే కూర్చోనిస్తాం, లేడీ టీచర్ రోజూ అక్కడే ఉంటారు.

ఏ ఆట ఆడాలో పిల్లల్నే ఎంచుకోనివ్వండి. పి.వి. సింధు అమ్మానాన్నలిద్దరూ వాలీబాల్ క్రీడాకారులు. నాన్న రమణ గారు 1986 ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన జట్టులో ఆడారు. అయినా కూతురు బ్యాడ్మింటన్ రాకెట్ పట్టుకుంటే అడ్డు చెప్పలేదు, వెన్నంటి నిలిచారు. 2016 రియో ఒలింపిక్స్‌లో ఆమె రజతం గెలిచింది. మన పిల్లలందరూ ఒలింపిక్స్‌కి వెళ్లాలని నేను అనడం లేదు. "పతకం తెస్తావా?" అని మాత్రం మొదటి రోజే అడగకండి. ఆ టెన్షన్‌తోనే చాలామంది ఆట మానేస్తున్నారు.

రాత్రి 9 కల్లా పడుకోబెట్టండి. ఖాళీ కడుపుతో పంపొద్దు, కాస్త రాగి జావో అరటిపండో పెట్టండి. ఆట అయ్యాక గుడ్డు, పల్లీపట్టి మేం ఇస్తాం. ఆయాసం, ఫిట్స్ లాంటివి ఉంటే దాచకుండా ముందే చెప్పండి.

సంతకం చేసిన అంగీకార పత్రం ఏప్రిల్ 20 లోగా క్లాస్ టీచర్‌కి అందాలి. మొదటి రోజు వీలైతే మీరూ రండి, వేపచెట్టు కింద బెంచీలు వేయిస్తాను.

మీ
ప్రధానోపాధ్యాయురాలు