కారు పిచ్చోళ్ళ ఇంటి రిపేర్లు: సాయం సరే, మెయిన్ ఆఫ్ చేశారా?

ఎడిటర్ గారికి నమస్కారం.

ఇంట్లో చిన్న రిపేరు వస్తే మనిషే దొరకట్లేదని మొన్న మీ పేపర్లో ఒకాయన లెటర్ రాశారు, ట్యాప్ కారుతుంటే పది రోజులు కింద బకెట్ పెట్టుకుని కూర్చున్నారంట. చదివి నవ్వొచ్చింది, జాలీ వేసింది, ఎందుకంటే మూడేళ్ళ కిందటి దాకా నాదీ అదే కథ. నాకు పాత కార్ల పిచ్చి, అదే పిచ్చి ఉన్న ఫ్రెండ్స్ ఇంకో ఏడెనిమిది మంది ఉన్నారు, సెలవొస్తే చాలు ఎవరో ఒకరి కారు కింద దూరి ఉంటాం. అలా కింద పడుకుని మాట్లాడుకునేటప్పుడే "మా బాత్రూమ్‌లో లీకు ఆగట్లేదురా" అని ఒకడంటే "సాయంత్రం పానాలు తెస్తాలే" అని ఇంకొకడు అనడం, అక్కడ మొదలైంది ఇది. ఇప్పుడు కార్ల కంటే ఇళ్ళ పనే ఎక్కువైపోయింది, మా ఆవిడ మాత్రం ఫుల్ హ్యాపీ.

ముందు మా నీళ్ళ మోటార్ సంగతి చెప్తా. ఒక పొద్దున స్విచ్ వేస్తే మూలుగుతోంది తప్ప తిరగట్లేదు. వచ్చిన మెకానిక్ మూత కూడా విప్పకుండా కాయిల్ కాలిపోయింది సార్ రీవైండింగే అనేశాడు. నేను తలూపేలోపే మా బ్యాచ్‌లో ఒకడొచ్చాడు, వాడికి ఇంజిన్ పని తప్ప ఎలక్ట్రికల్ పెద్దగా రాదు. వచ్చీరాగానే ప్లగ్గు పీకేసి, వెనకున్న ఫ్యాన్ కవర్ ఊడదీసి చేత్తో తిప్పి చూశాడు. నున్నగా తిరిగింది. "జామ్ అవ్వలేదు, బేరింగ్ బానే ఉంది, కాలిన వాసన లేదు, మూలుగుతోందంటే కరెంట్ వెళ్తోంది, కాకపోతే మొదటి తోపు అందట్లేదు" అన్నాడు. సింగిల్ ఫేజ్ మోటార్‌కి ఆ తోపు దొరికేది కండెన్సర్ వల్లే. తీసి చూస్తే ఒక పక్క ఉబ్బిపోయి ఉంది, దాని మీద రాసున్న మైక్రోఫారడ్ నంబరు (అదే దాని కెపాసిటీ), వోల్టేజీ చూసుకుని అలాంటిదే తెచ్చి వేశాం, స్విచ్ వెయ్యగానే గుంయ్‌మని అందుకుంది. (ముట్టుకునే ముందు దాని రెండు కాళ్ళకీ బల్బు వైర్లు ఆన్చి డిశ్చార్జ్ చేశాడు, ప్లగ్గు పీకేసినా కండెన్సర్‌లో కరెంట్ నిలవుంటుంది, అది తెలీక దెబ్బ తినేవాళ్ళు బోలెడంతమంది.)

వాడు చేసింది గొప్ప విద్యేం కాదు. స్టార్ట్ అవ్వని కారు ముందు నిలబడ్డప్పుడు మేమంతా చేసేదే అది, పెట్రోల్ వస్తోందా, స్పార్క్ వస్తోందా, గాలి పీలుస్తోందా అని ఒక్కోటీ కొట్టేసుకుంటూ వెళ్ళడం. తన జేబులోంచి తీసి సామాను కొనేవాడు టెస్ట్ చెయ్యకుండా ఏదీ మార్చడు కదా. అందుకే నా ఉద్దేశంలో మేం ఒకళ్ళకొకళ్ళం చేసుకునే అసలు సాయం పానా తిప్పడం కాదు, ఫాల్ట్ ఎక్కడుందో పట్టుకోవడం. ఆ తర్వాత మెకానిక్ వచ్చి చేసినా పర్లేదు, కనీసం ఏం చెయ్యాలో మనకి తెలిసి ఉంటుంది.

చేతులు కాల్చుకున్న కథలూ ఉన్నాయి, మొదటిది నాదే. ఒకళ్ళింట్లో గోడ ట్యాప్ మార్చడానికి నా కార్ల సాకెట్ సెట్ మొత్తం మోసుకెళ్ళా. అర అంగుళం ట్యాప్ కదా అంటే 12.7 మిల్లీమీటర్లు అనుకున్నా, తీరా కొలిస్తే మర బయట దాదాపు 21 ఉంది! ఆ అర అంగుళం పైపు లోపలి బోరుని బట్టి ఎప్పుడో పెట్టిన పేరంట, పైపుల లోకం వేరే లోకం. సరే మరకి లీకు ఆపే తెల్ల టేపు చుట్టా, అది కూడా రివర్స్‌లో, ట్యాప్ బిగించే వైపుకే చుట్టాలి లేకపోతే బిగిస్తుంటే ఊడి పైకొచ్చేస్తుంది. కొంచెం చెమ్మ కారుతోంది, వీల్ నట్టు అలవాటు చెయ్యి కదా, ఇంకో అర తిప్పు అని బలం వేశా. మామూలు చిన్న కారు వీల్ నట్టు 100 న్యూటన్ మీటర్ల దరిదాపుల్లో బిగిస్తాం, గోడలో ఉన్న ప్లాస్టిక్ ఎల్బోకి, అదే పైపు వంపు ముక్కకి, ఆ లెక్కేం తెలుసు పాపం, టప్‌మని చీలింది. నీళ్ళు నా మొహం మీదకి. నీళ్ళు కట్టేసే గేట్ వాల్వ్ ఎక్కడుందిరా అని అరిస్తే ఆ ఇంటాయనకీ తెలీదు, ఐదు నిమిషాలు ఇద్దరం టవల్స్ పట్టుకుని గోడకి అతుక్కుపోయాం, టార్చ్ పట్టుకున్నవాడు ఎప్పట్లాగే పని జరిగే చోట తప్ప మిగతా అన్ని చోట్లా వెలుగేస్తున్నాడు. ఆ రోజు నుంచి ఎవరింటికి వెళ్ళినా ఫస్టు వాల్వ్ చూపించమంటున్నా, అది తిరుగుతుందో లేదో కూడా చూస్తున్నా, కొన్నేళ్ళు ముట్టుకోకపోతే అదీ బిగుసుకుపోతుంది.

నీళ్ళతో పోయేది పరువే. కరెంట్ అలా కాదు, నేనీ లెటర్ రాస్తున్నదే దాని కోసం. కార్ల మీద చెయ్యి తిరిగినవాళ్ళకి వైర్లంటే భయం ఉండదు ఎందుకంటే 12 వోల్టుల బ్యాటరీ టెర్మినల్స్ ఒట్టి చేత్తో పట్టుకున్నా మనకేం కాదు, అడ్డంగా పానా పడితేనే మంటలు. ఆ ధైర్యంతోనే 230 వోల్టుల బోర్డు మూత తీసేస్తారు. ఇంకో చిక్కు కూడా ఉంది. కారులో బాడీయే నెగెటివ్, ఎక్కడో ఒక బోల్టుకి వైరు బిగిస్తే రిటర్న్ దొరికేసినట్టే, ఆ అలవాటు ఎంత లోతుగా దిగిపోతుందంటే మాలో ఒకడు ఒక రూములో న్యూట్రల్, అంటే కరెంట్ తిరిగొచ్చే వైరు, తెగిపోతే, "ఏముందిరా ఎర్త్ ఉందిగా" అని ఫ్యాన్ రిటర్న్‌ని ఎర్త్ వైరుకి కలిపేశాడు. ఫ్యాన్ స్విచ్ వేశాడో లేదో మెయిన్ దగ్గర ఆర్‌సీసీబీ (కరెంట్ లీకైతే సప్లై ఆపేసే స్విచ్) టక్‌మని పడిపోయింది. మళ్ళీ వేశాడు, మళ్ళీ పడింది. అప్పుడు వాడన్న మాట వినండి, "ఇది పాడైనట్టుంది, బైపాస్ చేద్దాం."

పాడైంది అది కాదు. ఫేజులో వెళ్ళిన కరెంట్ అంతా న్యూట్రల్‌లో తిరిగి రాకుండా ఎర్త్‌లోకి పోతుంటే పట్టుకోవడమే దాని పని, ఇళ్ళల్లో మామూలుగా పెట్టేవి 30 మిల్లీ యాంప్స్ లీకుకే పడిపోవాలి. అది లేకపోయి ఉంటే ఆ ఫ్యాన్ హాయిగా తిరిగేది, అందరం వాడి భుజం తట్టేవాళ్ళం, ఎప్పుడో ఒక రోజు ఆ ఎర్త్ వైరు మెయిన్ వైపు ఎక్కడో ఊడిపోతే అదే కరెంట్ ఫ్రిజ్ బాడీకి, గీజర్ బాడీకి, ఎర్త్ కలిపిన ప్రతి ఇనప వస్తువుకీ వచ్చి కూర్చునేది. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

ఎంసీబీ ఉందిగా అంటారు కొంతమంది. అది కారు ఫ్యూజు లాంటిది, లోడు ఎక్కువైనా షార్టైనా వైరు తగలబడకుండా కాపాడుతుంది, మనిషిని కాదు. కారులో ఎర్ర ఫ్యూజు, అంటే 10 యాంప్‌లది, ఊరికే పోతోందని పసుపుపచ్చ 20 పెట్టేస్తే ఫ్యూజు బదులు వైరే కాలుతుందని మా వాళ్ళందరికీ తెలుసు, కానీ ఇంట్లో ఎంసీబీ మాటిమాటికీ పడిపోతోందంటే అదే మనిషి పెద్దది తెచ్చి వేసేద్దాం అంటాడు. కొత్త ఎలక్ట్రిక్ కార్లలో ముట్టుకుంటే పోతావురా అని చెప్పడానికి హై వోల్టేజ్ కేబుల్స్‌కి ఆరెంజ్ రంగు తొడుగేస్తారు, వాటి జోలికి మాలో ఎవడూ వెళ్ళడు. గోడలో వైరుకి ఆ రంగు లేదు, అదే తేడా.

మేం ఇప్పుడు ఒక పద్ధతి పెట్టుకున్నాం. మెయిన్ ఆఫ్ చేసినవాడే పక్కన నిలబడతాడు, వేరే ఎవరూ వెయ్యకుండా. ఆఫ్ చేశాక కూడా కరెంట్ ఉందో లేదో వోల్టేజీ మీటర్ పెట్టి చూడాలి, ఆ మీటర్ పని చేస్తోందో లేదో ముందు కరెంట్ ఉన్న పాయింట్‌లో చూసుకోవాలి. గ్యాస్ లైన్, మీటర్ బోర్డు, గోడ లోపల వైరింగ్ ఈ మూడూ ముట్టుకోం, లైసెన్స్ ఉన్న మనిషినే పిలుస్తాం, వాళ్ళు వచ్చేలోపు కావాలంటే ఫాల్ట్ ఏ రూములో ఉందో వెతికి పెడతాం. ఒకడు దీన్ని పిరికితనం అని రెండు నెలలు అలిగాడు. అలగనివ్వండి.

ట్యాప్ కారుతున్న ఆ పెద్దాయనకి ఒక మాట, లోపలి వాషర్ అరిగి ఉంటుంది సార్, వాల్వ్ కట్టేసి ట్యాప్ తల విప్పితే కనిపిస్తుంది, ఎక్కువ బిగించకండి. మీకొక రిక్వెస్ట్ ఎడిటర్ గారూ, ఆర్‌సీసీబీ మీద టెస్ట్ అని ఒక చిన్న బటన్ ఉంటుంది, కరెంట్ ఉన్నప్పుడు దాన్ని నొక్కితే స్విచ్ పడిపోవాలి, పడకపోతే ఎలక్ట్రీషియన్‌ని పిలవాలి. మా బ్యాచ్‌లో రెండిళ్ళల్లో పడలేదు. ఈ లెటర్ మొత్తం వెయ్యడానికి చోటు లేకపోతే ఆ బటన్ గురించి ఒక్క ముక్కైనా వెయ్యండి.

ఇట్లు,
ఒక పాత కారు పిచ్చోడు