శీనుగాడికి, గుంటూరు నుంచి

ఒరేయ్ శీనూ,

జవాబు ఆలస్యమైంది, ఎంత తిడతావో తిట్టుకో. అమ్మ మోకాలినొప్పి తగ్గింది, మేడమీద గది పని ఇంకా సాగుతూనే ఉంది. అసలు సంగతికొస్తా, చెప్పకపోతే కడుపుబ్బరం.

మన లెక్కల మామయ్య (నువ్వు పెట్టిన పేరు రాయనులే, ఉత్తరం ఆయన కంటపడితే నా పని గోవిందా) బ్రాడీపేటలో పక్కింటి కుర్రాడి ల్యాప్‌టాప్‌తో చదరంగానికి కూర్చున్నాడు. కూర్చోగానే ఒళ్లో తెరిచింది ఏమిటో తెలుసా? పాత లాంగ్ నోట్‌బుక్! ఓపెనింగ్‌లన్నీ, అంటే ఆట మొదట్లో వేసే ఎత్తులన్నీ, ఎర్ర ఇంకుతో రాసుకున్నదే. కుర్రాడు "తాతగారూ, కాపీ!" అని కేకేశాడు. టోర్నమెంట్‌లో అయితే కాగితం చూడకూడదు, వాడన్నదీ నిజమే. మామయ్య కళ్లజోడు సర్దుకుని, "దాని పొట్టలో పుస్తకం ఉంటే తెలివి, నా ఒళ్లో ఉంటే కాపీనా?" అన్నాడు.

నేనూరుకుంటానా! 1997లో ప్రపంచ ఛాంపియన్ కాస్పరోవ్ మీద డీప్ బ్లూ అనే కంప్యూటర్ ఆఖరి ఆటలో గుర్రాన్ని బలిచ్చిందే, ఆ ఎత్తు మనుషులు దాని పుస్తకంలో, అంటే దాని లోపలి ఓపెనింగ్ ఎత్తుల జాబితాలో, ముందే ఎక్కించిందని చెప్పాను. 2006లో జర్మనీలోని బాన్‌లో అయితే, డీప్ ఫ్రిట్జ్ అనే చదరంగం ప్రోగ్రామ్ పుస్తకంలోంచి ఆడుతున్నంతసేపూ ఆ తెర దానితో ఆడుతున్న ఛాంపియన్ క్రామ్నిక్‌కి కూడా కనబడాలని రూలే పెట్టారు. మామయ్య "చూశావా!" అని బల్ల గుద్దాడు, బంటు ఒకటి మంచం కిందికి పోయింది. కుర్రాడు తగ్గలేదు. "మరి ఆ క్రామ్నిక్ రెండో ఆటలో తనకి ఒక్క ఎత్తులో ఆటకట్టు పడుతుంటే ఎందుకు చూసుకోలేదు? 4-2తో గెలిచింది మెషీనేగా?"

మామయ్య మాట్లాడకుండా ఆట మొదలెట్టాడు. నోట్‌బుక్ ఉన్నంతవరకూ చకచకా ఆడాడు. పేజీ అయిపోయింది. ఇక గడ్డం గోక్కోవడమే! కాసేపటికి మంత్రిని గుర్రానికి అప్పజెప్పి, "ఫ్యాన్ తిరగట్లేదు, బుర్ర పనిచెయ్యదు" అన్నాడు. మూడో బెంచీ సాకు, గుర్తుందిగా?

అయినా నా ఓటు మామయ్యకే. ఇద్దరు మనుషులు ఆడితే నోట్‌బుక్ వద్దనడం సబబే, ఇద్దరూ బుర్రతోనే మోస్తారు. మెషీన్‌కి గుర్తుపెట్టుకునే శ్రమేదిరా? కానీ ఎండ్‌గేమ్ టేబుళ్ల సంగతే, అంటే ఆట చివరి స్థితులకి ముందే లెక్కకట్టి పెట్టుకున్న జవాబుల పట్టికల సంగతే, తేలట్లేదు. ఐదారు పావులే మిగిలాక అది ఆలోచించక్కర్లేదు, జవాబు చూసుకుంటుంది. అవి కూడా మనిషి ముందు పెడితే ఇక ఆడేదెవరు? పెట్టకపోతే మళ్లీ...

తమ్ముడు బస్సుకి బయల్దేరుతున్నాడు, ఇది వాడి చేతికే ఇస్తున్నా. నువ్వెటో రాయి.

నీ
రాంబాబు